టేకు కాని పలక

కరోనాకు ముందు ఏడాది వేసవి. గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతున్నాను. ఒక మధ్యాహ్నం మస్తాన్‌బీ అనే ఆవిడ మా ల్యాబ్‌కు వచ్చి, సంచిలోంచి జానెడు చెక్క ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

ఆమె భర్త సైదులు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ముఠా కూలీ. పై అంతస్తులో నడవడానికి వేసిన చెక్క పలకల మీద బస్తా మోస్తూ కిందపడి చనిపోయాడు.

"మంచి టేకు పలకలేశాం, అవి విరగవు, తాగొచ్చి అంచు మీద కాలేశాడంటున్నారు స్టోరేజీ వాళ్లు మేడం. ఆయన మందు ముట్టడండీ. ఇది పడ్డచోట దొరికింది. టేకో కాదో చెప్పండి చాలు."

టేకు పూలు పూసే చెట్టు. దాని కలపను అడ్డంగా కోసి లెన్స్‌తో చూస్తే సూదితో పొడిచినట్టు రంధ్రాలు కనిపిస్తాయి. అవి వెసెల్స్, అంటే చెట్టు నీళ్లు తోడుకునే గొట్టాలు. పైన్ లాంటి కోనిఫర్ చెట్లకు పూలుండవు, గింజలు శంకువుల్లో కాస్తాయి. వాటి కలపలో వెసెల్స్ ఉండవు. ఏటా రెండు మార్కుల ప్రశ్నకు చెప్పే తేడా ఇది.

పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఒక్క వెసెల్ లేదు. పైన్‌లో ఉండే, జిగురు కారే సన్నని కాలువలు మాత్రం ఉన్నాయి. పైన్ చెక్కకు టేకు రంగు పూశారు.

మస్తాన్‌బీ వేసిన పరిహారం కేసులో, లేబర్ ఆఫీసులో విచారణకు నన్ను పిలిచారు. అధికారి దగ్గరున్న విరిగిన పలకకు ఆ ముక్క సరిగ్గా అతికింది. యజమాని వకీలు అడిగాడు.

"పైన్ కాబట్టే విరిగిందని చెప్పగలరా?"

"చెప్పలేనండి. గట్టి పైన్ పలకలూ ఉంటాయి. ఇది టేకు కాదని మాత్రం చెప్పగలను."

మస్తాన్‌బీ తల దించుకుంది. ఆమెకు అన్యాయం చేశానేమో అనిపించింది.

అధికారి కోల్డ్ స్టోరేజీ మేనేజరు వైపు తిరిగాడు. "టేకని సంతకం పెట్టి రాసిచ్చారు కదా?" అతను వకీలు వైపు చూశాడు. అప్పటిదాకా నోరు మెదపని ముఠా మేస్త్రి లేచాడు.

"ఆ పలకలు ముందు నుంచే ఊగుతున్నాయి సార్. చెబితే, ఇష్టం లేకపోతే మానేసి పొమ్మన్నారు."

తీర్పు వచ్చిన రోజు వరండాలో ఆమె అడిగింది. "ఆయన తప్పు లేదని రాశారా మేడం?"

"రాశారమ్మా."

"మా మరిది ఇంకా అక్కడే మోస్తున్నాడండీ," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

చూసినంత వరకే చెప్పాలని ఆ కేసు నాకు నేర్పింది. నేను చెప్పిన ఆ కాస్తా చనిపోయిన మనిషి మీది నిందను తుడిచింది. బతికున్నవాళ్ల కాళ్ల కింది పలకలు మార్చారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.