గుంటలెక్కువైన వీధి

నాకు శ్రీకాకుళానికి బదిలీ అయిందని చెప్పిన రోజు మా అమ్మాయి అడిగింది ఒక్కటే: "అక్కడ నాతో ఎవరాడతారు?" దానికప్పుడు ఎనిమిదేళ్లు. తెనాలిలో మా వీధిలో దాని గొంతు వినపడని ఇల్లు లేదు. మా ఆయన తన దుకాణం వదిలి రాలేరు, నెలకు రెండుసార్లు వచ్చిపోతానన్నారు. అంటే ఊరుగాని ఊళ్లో మిగిలేది నేనూ అదీ. "నీతో ఆడేవాళ్లున్న వీధి చూసే ఇల్లు తీసుకుంటాలే" అని దాని చేతిలో చెయ్యేసి చెప్పాను.

మాటైతే ఇచ్చాను గానీ, ఇల్లు వెతకడానికి బయల్దేరినప్పుడు నా బుర్రలో ఉన్నది వేరు. అంతకు ముందు ఏడాది వానల్లో మా అద్దెయింట్లోకి మోకాటి లోతు నీళ్లొచ్చాయి. బియ్యం, పరుపులు, పిల్ల పుస్తకాలు అన్నీ నాశనమయ్యాయి. అప్పట్నుంచీ ఏ వీధికెళ్లినా మనుషుల మొహాలకన్నా ముందు మురిక్కాలవలు చూడటం అలవాటైపోయింది నాకు.

ఒక్కదాన్నే వచ్చి, ఆమదాలవలసలో రైలు దిగి, ఆటోలో ఊళ్లోకి చేరి, రెండు రోజులు తిరిగాను. రెండో రోజు మిట్టమధ్యాహ్నం నాగావళి వైపు ఒక పాత వీధిలో అద్దె బోర్డు కనపడింది. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో కుళాయి. ఇల్లు నచ్చింది. ఇంటావిడ పక్క వాటాలోనే ఉంటుంది, డెబ్భై ఏళ్లుంటాయి. అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. వీధిలో నరమానవుడు లేడు. రోడ్డు మీద మాత్రం రెండు మూడు గోతులు నా కంటబడ్డాయి.

"వానలొస్తే వీధి ఎలా ఉంటుందండీ?" అన్నాను.

"మా ఈదికేటమ్మా, బంగారం! గుంటలెక్కువ, అంతే. ఇప్పుడేటి కనిపిస్తాది? వానొత్తే సూడాల, ఈదంతా గుంటలే!" అంది నవ్వుతూ.

మళ్లీ ఆ గోతుల వంక చూశాను, ఇక్కడా వరదే అనుకున్నాను. అద్దె కోసం అబద్ధమాడకుండా ఉన్నదున్నట్టు చెప్పేసిందే అని ముచ్చట కూడా వేసింది. ఈలోగా ఆవిడ, "మరి మీ ఇంట్లో గుంటున్నాదా?" అని అడిగింది.

ఒళ్లు మండిపోయింది నాకు. "మా ఇంట్లో గుంటెందుకుంటుందండీ! అలాంటిదేం లేదు మాకు" అని కస్సుమన్నాను.

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. చేతులు చీరకు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "దిగులెట్టుకోకు తల్లీ. దేవుడున్నాడు, ఇత్తాడు" అంది. లోపలికెళ్లి బెల్లం ముక్క తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఏ ఊరని అడిగింది. తెనాలన్నాను. సొంతిల్లు లేదని జాలిపడుతోంది కాబోలు అనుకుని, బెల్లం నోట్లో వేసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు ఖాయం చేశాను. ఎత్తు మీద ఉంది. సిమెంటు రోడ్డు, ఇరుపక్కలా కాలవలు, వాటి మీద పలకలు. మేం దిగిన వారానికి పెద్ద వాన కురిసింది. గంటలో రోడ్డు ఆరిపోయింది. నేను బాల్కనీలో నిలబడి ఏదో గెలిచినట్టు చూశాను. ఆ రోడ్డు మీద చుక్క నీరు లేదు, నిజమే. పిల్లా లేదు, పీచూ లేదు. పక్కింటివాళ్ల పిల్లలు విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్నారు. ఎదురింట్లో ఉన్నది ముసలి దంపతులు. బళ్లో స్నేహితులు ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వచ్చి, బస్సుల్లోనే వెళ్లిపోతారు.

మా అమ్మాయి గచ్చు మీద సుద్దతో గళ్లు గీసుకుని, అరగదీసిన చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడేది. తన వంతు తనే వేసేది, ఎదుటివాళ్ల వంతు కూడా తనే వేసేది. మొదట్లో రెండు గొంతులతో పోట్లాడుకునేది. రానురాను పిక్కలు గచ్చు మీద పడే చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఒకరోజు వంట చేస్తూ, "ఎవరు గెలిచారే?" అని అడిగాను.

"ఎవరూ లేరుగా" అంది.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. కానీ ఎక్కడికని వెళ్లను, ఎవరినని అడగను? ఆఫీసులో నాతో మాట్లాడేటప్పుడు అందరూ ఆచితూచి పుస్తకంలోలా మాట్లాడేవారు. నేనంటే ఇంకా కొత్తే. చేరిన మూడో నెలలో ఒక పొద్దున మా అటెండరమ్మ కంగారుగా వచ్చింది. "మేడమ్, ఇయ్యాల సెలవు కావాల. మా గుంటకి జొరం."

"గుంటకి జ్వరమేమిటమ్మా?" అన్నాను.

అంత కంగారులోనూ ఆవిడకు నవ్వొచ్చింది. "గుంటంటే ఆడపిల్ల మేడమ్. గుంటలంటే పిల్లలు. మీకు తెల్దేటి?"

సెలవు చీటీ మీద నా సంతకం సగంలో ఆగిపోయింది. చింతపండు అరుగు, ఖాళీ వీధి, నేను కస్సుమనడం, బెల్లం ముక్క అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. మిట్టమధ్యాహ్నం పిల్లలు బళ్లో కాక వీధిలో ఉంటారటే, బుద్ధిలేనిదానా! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సాయంత్రం బడి వదలగానే పిల్లను ఆటో ఎక్కించాను. దారిలో ఈ సంగతి చెబితే అది ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు. బళ్లో నన్ను కొత్త గుంట అంటారు."

"మరి నాకు చెప్పలేదేమే?"

"నువ్వడగలేదుగా."

ఆ పాత వీధి మొదట్లోనే ఆటో ఆగిపోయింది, ముందుకెళ్లడానికి దారి లేదు. సన్నగా తుంపర పడుతోంది. గోతులూ ఉన్నాయి, వాటిలో నీళ్లూ ఉన్నాయి, ఆ నీళ్లలో గెంతుతూ వీధి నిండా పిల్లలున్నారు. నేను చూసిన ఇంటికి మాత్రం బోర్డు లేదు. గుమ్మానికి ఎవరిదో కర్టెన్ వేలాడుతోంది. నీరుగారిపోయాను.

అరుగు మీద నలుగురాడవాళ్ల మధ్య కూర్చున్న ముసలావిడ నన్ను గుర్తుపట్టింది. "నువ్వా తల్లీ! వాటా ఇచ్చేసినాను, మొన్ననే సేరినారు" అంటూ, నా కొంగు పట్టుకుని వెనక్కి నక్కిన పిల్లను చూసింది. "ఎవుల గుంట?"

"నా గుంటే" అన్నాను.

"నీకు గుంట లేదన్నావు కదే!"

సిగ్గుతో చచ్చిపోతూ నా తెలివితక్కువతనమంతా చెప్పుకున్నాను. ఆవిడ నోటి మీద చెయ్యేసుకుని మొత్తం వింది.

"ఓలమ్మో! ఎంత పని సేసినావే! నానేటి సేసినానో తెలుసా? కార్తీకంలో శ్రీముఖలింగం ఎల్లి, నీ గురించి మొక్కుకున్నాను. నీ పేరు తెల్దు కదా. తెనాలి గుంట ఒకర్తొచ్చింది సామీ, దానికో గుంటనియ్యి అని దండమెట్టినాను. నెల తిరక్కుండా ఇంత గుంటనిచ్చేసినాడా సామి!"

అరుగు మీదున్న ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ముప్పై ఏడేళ్లదాన్ని, పేరైనా తెలియని ఆవిడ నన్ను గుంట అని దేవుడితో చెప్పుకుంది.

"ఏడుపేటి, ఊరుకో. ఇల్లు లేకపోతే ఈది లేదేటి? దొరికేదాకా గుంటని సాయంత్రాలు ఇక్కడొగ్గేయ్" అంది.

అదే వీధి చివర వాటా దొరకడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా రోజూ సాయంత్రం ఆటోలో వచ్చి, చీకటి పడ్డాక వెళ్లేవాళ్లం. ఆ మొదటి రోజు మాత్రం, కళ్లు తుడుచుకుని చూసేసరికి నా కొంగు పట్టుకున్న చెయ్యి లేదు. ముసలావిడ చింతపిక్కలు పట్టిన గుప్పిటతో వీధిలోకి చూపించింది. పిల్లల గుంపు మధ్య నుంచి మా అమ్మాయి గొంతు వినపడింది. ఎవరితోనో గట్టిగా పోట్లాడుతోంది.