దూరం నుంచే గంట కొట్టేటోడు

మా తమ్ముడు పోయిండని మరదలు పట్నం దవాఖాన నుంచి ఫోన్ చేసినప్పుడు నేను దేవుని ముందు దీపం ముట్టిస్తున్న. చేతిలో అగ్గిపుల్ల మండుతుంది. ముట్టించిన తర్వాతే కూర్చున్న. ఏడుపు రాలేదు. ఇంటికి పెద్దబిడ్డను. ముందు ఎవరికి చెప్పాలె, ఎవరిని తోలియ్యాలె అన్నదే మనసులోకి వచ్చింది. ఏడుపు ఇప్పటికీ సరిగా రాలేదు. దాని జాగలో ఇంకోటేదో వచ్చి కూర్చుంది. దాన్ని దేవుని ముందు కూడ దాచలేకపోతున్న.

నా తర్వాత ఇద్దరు చెల్లెండ్లు, ఆఖరుకు వాడు. సిద్దిపేటలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు వాడిది. షుగర్ వచ్చింది, రోజూ నడువుమని డాక్టర్ చెప్తే, ఒక్కన్నే నడుసుడు నాతోటి కాదని సైకిల్ కొన్నడు. లావు టైర్లది, గుట్టలెక్కేది. కొన్న నాడే దానికి గంట బిగించిండు. మామూలు గంట, బడిపిల్లల సైకిళ్లకు ఉండేది. షాపాయన నవ్విండట. "గీ సైకిల్‌కు గంటేంది సారూ? గుట్టల మీద ఎవలకు కొడ్తవ్?" అన్నడట.

కుకునూరుపల్లి దిక్కు రోడ్డు దిగి లోపలికి పోతే గుట్టల నడుమ ఒక బాట ఉంటది. కట్టెలకు, మోదుగాకులకు పోయేటోళ్లు, గొర్లు కాసేటోళ్లు నడిచి నడిచి పడ్డ బాట. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే పట్నం నుంచి కూడ కార్ల వెనుక సైకిళ్లు కట్టుకొని వస్తున్నరు. వాళ్లు దాన్ని ట్రాక్ అంటరు. మా తమ్ముడు కూడ వాళ్లతో కలిసి తొక్కెటోడు. ఆ గుంపులో గంట ఉన్నది వాడొక్కని సైకిల్‌కే.

"పాలాయన వచ్చిండురో! అన్నా, మాకో అర లీటర్!" అని మొత్తుకునేటోళ్లట.

"పోస్త. గిన్నె తెచ్చుకున్నవా?" అనేటోడట వీడు.

తిరిగొచ్చేటప్పుడు మా ఇంటి కాడ ఆగి, జావ తాగుకుంట ఇవన్నీ చెప్పేటోడు. ఆగుడంటే మామూలు ఆగుడు కాదు. నేను బయటికి వచ్చేదాక గేటు కాడ గంట కొట్టుడే. పూజలో ఉన్నా సరే. ఒకసారి కోపమొచ్చి, "నాది దేవుని గంట, నీది గీ గంట. దేవుడు దేనికి లేవాల్రా?" అన్న. "దేవుడు ఎప్పుడో లేసిండక్కా. నీకే వినవడ్తలేదు" అన్నడు. మొండోడు. ఎక్కువ మాట్లాడేటోడు. నేను తక్కువ మాట్లాడే మనిషిని కాబట్టి వాడి మాటలే నా ఇంట్లో సప్పుడు.

గంట కొట్టుడు వాడికి ఆట కాదని నాకు తెలుసు. ఒకనాడు అడిగిన, అంత దూరం నుంచే ఎందుకు కొడతవురా, మనిషి ఇంకా కనిపించనే కనిపించదు అని. గిన్నె కింద పెట్టి చెప్పిండు. "దగ్గరికొచ్చి కొడ్తె అది బెదిరిచ్చుడక్కా. దూరం నుంచి కొడ్తె చెప్పుడు. చెప్తె మనిషి ఏ దిక్కు జరగాల్నో సోంచాయించుకుంటది. బెదిరిస్తె ముందరికే దుంకుతది."

గొర్ల దగ్గర మాత్రం గంట కొట్టెటోడు కాదు. అది దెబ్బ తిని నేర్చుకున్నది. మొదట్లో ఒక మంద బాటకు అడ్డం ఉంటే ట్రింగ్ ట్రింగ్ మనిపించిండట. మంద ముందర నడిచే పొట్టేలు మెడలో గంట ఉంటది కదా. గంట సప్పుడు ఎటుంటే అటే పోవుడు గొర్లకు అలవాటు. జరగాల్సినవి జరగక, అన్నీ తలలెత్తి వీడి సైకిల్ చుట్టు చేరినయట. కాపరి కట్టె భుజం మీద పెట్టుకొని, "ఏం సారూ, నా మందను గిట్ల తోలుకపోదామనుకుంటున్నవా? నీ ఇనుప పొట్టేలు కంటె మా పొట్టేలే జర నయముండె" అన్నడట. ఆ నాటి నుంచి గొర్లు కనబడితే సైకిల్ దిగుడే. అన్నీ దాటినంక ఎక్కుడు.

గుంపులో మిగిలినోళ్లకు కూడ గంటలు పెట్టించాలని వాడు చేయని ప్రయత్నం లేదు. ఒక డబ్బా నిండ గంటలు తెచ్చి షాపులో పెట్టిండు. ఉట్టిగనే ఇస్త తీసుకోండ్రి అన్నా ఎవరూ తీసుకోలేదు. బరువైతదన్నరట. "నీ జేబుల ఫోను కంటె బరువా?" అని వీడు. చూడ బాగుండదన్నరట. అది విని వీడు డబ్బాకు మూత పెట్టిండట.

ఇక చెప్పాల్సింది చెప్తా. ఆ పొద్దు బండల వెనుక మలుపు కాడ అదే మంద ఎదురొచ్చింది. తమ్ముడు అలవాటుగా దిగి, సైకిల్ పక్కకు పట్టుకొని నిలబడ్డడు. చెమటకు హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించిండు. పై నుంచి గుంపులో ఒకాయన సైకిల్ మీద దిగుతున్నడు. గంట లేదు, కేక లేదు. ఆ టైర్లకు మట్టి మీద సప్పుడే ఉండదు. గుద్దితే వీడి తల బండకు తగిలింది. "నేను జూసి మొత్తుకునేటాల్లకే అయిపాయెనమ్మా" అని కాపరి మా వాకిట్లో కూర్చొని చెప్పిండు. ఆయన నీళ్లు కూడ తాగలేదు.

మరదలు కేసు వద్దన్నది. పెట్టలేదు.

దినాలైన తెల్లారి గుంపు వాళ్లు ఇంటికి వచ్చిన్రు. గుద్దినాయన రాలేదు. "ఆయన చాన బాధల ఉన్నడమ్మా" అన్నడు వాళ్లలో పెద్దాయన. ఆ వెనుకనే, "సార్ గూడ జర మలుపులనే నిలబడ్డరు గదమ్మా" అన్నడు. నేను మరదలి మొఖం చూసిన. ఆమె చాయ్ పోస్తుంది. చేయి ఆగలేదు.

తర్వాత అసలు మాట చెప్పిండు. "వచ్చే ఆదివారం సార్ యాదిల అందరం అదే ట్రాక్ మీద పోతమమ్మా. ఒక్కరు గూడ మాట్లాడరు. పాటలు, సప్పుడు ఏం ఉండదు. పూర మౌనం."

"మౌనమెందుకు బిడ్డా?"

"మర్యాద గదమ్మా."

నేను లోపలికి పోయి గంటల డబ్బా తెచ్చి వాళ్ల ముందు పెట్టిన. షాపు మూసిన నాడే దాన్ని ఇంటికి తెప్పించిన. "వాని మీద మర్యాద ఉంటే ఇవి బిగించుకొని పోండ్రి. కొట్టుకుంట పోండ్రి. ఆ బాటలో ఇంకొకరు పడొద్దు. నాకు ఇంకేం వద్దు" అన్న. అంత పొడుగు మాట నేను అన్నది ఈమధ్య అదే. "అట్లనే అమ్మా, తప్పకుండ" అన్నడు పెద్దాయన. దండం పెట్టి లేచిన్రు. వాళ్లు పోయినంక చూస్తే డబ్బా తాగిన చాయ్ కప్పుల పక్కనే ఉంది.

మీలో దేవుణ్ని నమ్మేటోళ్లకు ఒక మాట చెప్తా. గుద్దినాయన పేరు మీద కూడ ఒక వత్తి వెయ్యమని నా మనసుకు రోజూ చెప్పుకుంటున్న. ఇంతవరకు వినలేదు.

ఆదివారం ఆటో మాట్లాడుకొని ఆ గుట్టల కాడికి పోయిన. మలుపు కాడ దీపం పెడదామని. గాలికి ముట్టలేదు. వెనుకకు మర్లి నడుస్తున్న. నా ముందర కొంత దూరంలో ఒక బిడ్డ కట్టెల మోపు ఎత్తుకొని పోతుంది. తల మీద మోపు ఉన్న మనిషితోటి మెడ తిప్పుడు కాదు. తిరిగి చూడాలంటే ఒళ్లంతా తిప్పాలె, తిప్పితే మోపు బాటంత అడ్డం వస్తది.

మోచేతికి గాలి తగిలింది. అంతే. చూస్తే పక్క నుంచి ఒక సైకిల్ దాటిపోయింది. దాని వెనుక ఇంకోటి. తెల్లటి అంగీలు వేసుకున్నరు. ఒక్కొక్కరి వీపు మీద మా తమ్ముని ఫోటో అచ్చేసి ఉంది, నవ్వుకుంట. ఆ నవ్వులన్నీ సప్పుడు లేకుండ ఆ బిడ్డ దిక్కే పోతున్నయ్.

నేను ఎన్నడూ గొంతు లేపిన మనిషిని కాదు. "ఓ బిడ్డా! పక్కకు జరుగు! సైకిళ్లొస్తున్నయ్!" అని గుట్టలు వినేటట్టు మొత్తుకున్న.

ఆమె మోపుతోనే పక్కన ముండ్ల పొదలోకి దిగింది. సైకిళ్లు ఆమెను రాసుకుంట పోయినయ్. ఆఖరున ఉన్నాయన నా దిక్కు మర్ల చూసిండు. నేనెవరో గుర్తుపట్టినట్టు లేదు. పెదవుల మీద వేలు పెట్టి, మెల్లగ తల ఊపి పోయిండు.

పొదలో ఆ బిడ్డ కొంగు ముండ్లకు చిక్కింది. రెండు చేతులు మోపు మీదనే ఉన్నయ్. అందరూ పోయిన్రో, వెనుక ఇంకా ఎవరన్న ఉన్నరో తెలువక, అట్లనే నిలబడి ఉంది.