గంజి పెట్టిన టాపుతో ఆకేరు దాటిన జీపు

పాత జీపు ఒకటి కొనుక్కుని సొంత సరుకు సొంతంగా చేరవేసుకోవాలనే ఆలోచన మీకు ఉంటే, వరంగల్ నుంచి వర్ధన్నపేట మీదుగా ఆకేరు వాగు అవతలి ఊరికి మేము చేసిన ఒక్క రోజు ప్రయాణం మీకు పనికొస్తుంది. మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. షెడ్డులో నాలుగు మగ్గాలున్నాయి. నేసేది మేము, అమ్మేది షావుకారు. నూలు ఆయనే ఇస్తాడు, కూలి ఆయనే చెబుతాడు. మా జంపఖానా మీద ఎవరు పడుకుంటున్నారో మాకు తెలియదు. ఈ సెలవుల్లో ఆ సంగతి మనసులో పెట్టుకుని, వాగు అవతలి ఊళ్లోని ఒక హాస్టల్ వార్డెన్‌కు నేనే ఉత్తరం రాశాను. నేను డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చాను, మంచి వాక్యం రాయాలని తహతహ. చివరి వాక్యాన్ని మూడుసార్లు దిద్దాను: "వానొచ్చినా, వాగొచ్చినా మీ గుమ్మం ముందుకు మేమే తెచ్చి ఇస్తాము."

జవాబుగా కార్డు వచ్చింది. నలభై జంపఖానాలు కావాలి, బడి తెరిచే సోమవారం పదకొండు గంటల లోపు రావాలి. పొడిగా, మరక లేకుండా అందితే ఇకముందు హాస్టల్‌కు కావలసినవన్నీ మా దగ్గరే తీసుకుంటారు. రాకపోతే వార్డెన్ వర్ధన్నపేట దాకా నడిచి, మధ్యాహ్నం బస్సుకు వరంగల్ వచ్చి షావుకారు కొట్లో కొనుక్కుంటారు. నేను కార్డు చదివి వినిపిస్తుంటే మా నాన్న, బాపు, మగ్గం ఆపాడు.

"వానొచ్చినా, వాగొచ్చినా అని ఎవలు రాయమన్నరే నిన్ను?"

"బాగుంటదని రాసిన బాపూ."

"బాగనే ఉన్నది. గా ఊరికి బస్సే పోదు. రాసినంక తప్పుతదా, బండి చూద్దాం పా."

మడికొండలో ఒక కంకర కాంట్రాక్టరు దగ్గర అమ్మకానికి జీపు ఉందని చెప్పింది యాకయ్య మామ. ఆయన మా అమ్మకు వరసకు అన్న, పదిహేనేళ్లు లారీ నడిపిన మనిషి. ముగ్గురం బస్సులో వెళ్లి చూశాం. పద్నాలుగేళ్ల కిందటి బండి. తెల్లరంగు లేచిన చోట బూడిదరంగు, దాని కింద పచ్చరంగు కనిపించాయి. మొదట మిలిటరీలో తిరిగి, తర్వాత ఒక సర్కారు ఆఫీసుకు వచ్చి, వేలంపాటలో కాంట్రాక్టరు చేతికి చేరిందట. మామ ఇంజను దగ్గర చెవి పెట్టి విన్నాడు. బాపు మాత్రం చాప పరుచుకుని బండి కిందికి దూరాడు. జంపఖానాను తిరగేసి చూస్తేగాని నేత మంచిచెడ్డలు చెప్పలేమని ఆయన నమ్మకం, బండికీ అదే లెక్క. చాసిస్‌కు ఒక అతుకు ఉంది కానీ గట్టిగా ఉందని బయటికొచ్చి చెప్పాడు. కాంట్రాక్టరు పదకొండు వేలకు దిగి, కొంత బయానా తీసుకుని, పదిరోజులు నడిపి చూసుకోమన్నాడు. నచ్చకపోతే బండి తెచ్చి నిలబెట్టి బయానా పట్టుకుపోవచ్చు.

ఇంజను బాగానే ఉంది. టాపు మాత్రం చిరిగి పేలికలైంది. బజారులో కాన్వాసు ధర విని బాపు నవ్వి ఊరుకున్నాడు. రెండు పేటల నూలుతో, పంజాతో పోగులను దగ్గరదగ్గరగా కొట్టి కొట్టి, నాలుగు రోజుల్లో కొత్త టాపు తనే నేశాడు. పంజా అంటే ఇనుప వేళ్లున్న చేతి పనిముట్టు, నేత బిగువంతా దాని దెబ్బలోనే ఉంటుంది. నేత పూర్తయ్యాక నాయనమ్మ అడ్డుపడింది. "గంజి పెట్టకుండ బట్ట ఇల్లు దాటుతదారా? మనిషి చూస్తె ఏమనుకుంటడు?" అంది. పెద్ద గంగాళంలో గంజి కాచారు, కలిపింది నేనే. ఆరాక టాపు రేకులా మోగింది. దాన్ని చూసుకుని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. బండి మీద వేసేది బట్ట కాదు, గొడుగు అన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

సోమవారం తెల్లవారి ఆరింటికి బయలుదేరాం. పది రోజుల గడువులో అది తొమ్మిదో రోజు. ముందు సీట్లో మామ, నేను. వెనక ఎదురెదురు బెంచీల మధ్య నాలుగు కట్టలుగా, సొంతంగా నూలు కొని నేసిన నలభై జంపఖానాలు, వాటి మీద చెయ్యి వేసి బాపు. స్టార్టరు అందుకోకపోతే మామ ముందునుంచి హ్యాండిల్ పెట్టి తిప్పాడు. జీపుకు తలుపులు లేవు, గాలికి ఒక చేత్తో చున్నీ, ఒక చేత్తో కడ్డీ పట్టుకోవాలి. పెట్రోలు లీటరు ఆరు రూపాయలకు దగ్గర్లో ఉంది, మంచి రోడ్డు మీద లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు వస్తుంది, బురదలో అయిదుకు పడిపోతుంది. మీరు వట్టి మనుషులే అయితే ఖమ్మం రోడ్డులో పోయే బస్సెక్కి వర్ధన్నపేటలో దిగడం చవక. సరుకుంటేనే జీపు గిట్టుబాటు.

ఊరు దాటిన పావుగంటకే వాన మొదలైంది. మొదట టాపు మీద టపటపమని మంచి చప్పుడు. కొంతసేపటికి ముందు అద్దం మీద పాలలాంటి ధార దిగింది. మామ వైపరు వేశాడు. అది ఆ పాలను అద్దమంతా పూసింది.

"ఏందే బిడ్డా ఇది?"

"గంజి, మామా."

"ఇది బండా, గంజి కుండనా? లారీల వడగండ్లు చూసిన, ఈదురుగాలి చూసిన. గంజి వాన ఇయ్యాల్నే చూస్తాన!"

తల బయటపెట్టి నడుపుతూ, ముప్పావుగంటలో చేరాల్సిన వర్ధన్నపేటకు ఏడున్నరకు చేర్చాడు. బస్టాండు పక్కన సమ్మక్క హోటల్ ముందు ఆపాం. టీ నలభై పైసలు, ఇడ్లీ వేడివేడిగా దొరుకుతుంది. దిగి చూస్తే మా ముగ్గురి బట్టల మీదా తెల్లటి చారలు. అప్పటికే రెండు బర్రెలు వచ్చి జీపుకు చెరోవైపు నిలబడి గంజి నాకుతున్నాయి. హోటల్లో వాళ్లు నవ్వారు, సమ్మక్క కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బాపు కట్టల్ని తడిమి చూస్తున్నాడు. పై రెండు జంపఖానాలు తడిసి, అంటుకుపోయి ఉన్నాయి. టాపులోంచి చుక్కలు ఇంకా పడుతూనే ఉన్నాయి.

"బావా, మర్లిపోదాం. రేపు పొద్దున మడికొండల బండి అప్పజెప్తే ఫికర్ ఉండది," అన్నాడు మామ.

బాపు మళ్లీ జీపులోకి దూరాడు. టాపును లోపలినుంచి అరచేత్తో ఒత్తి, వేళ్లు రుద్ది చూసుకున్నాడు. తర్వాత సమ్మక్క వైపు తిరిగాడు.

"అక్కా, జర నీ బల్లల మీద ఈ కట్టలు పెట్టుకుంట. నాలుగు బకెట్ల నీళ్లు, కొబ్బరి పీచు ఇస్తవా?"

"వానల బండి కడుగుతవా తమ్మీ? పిస్స గిట్ల లేసిందా?"

"దారం ఉబ్బితె సందులు మూసుకుంటయక్కా. గంజి దాన్ని ఉబ్బనిస్తలేదు. మొత్తం పోవాలె."

కట్టలు లోపలికి చేర్చాం. బాపు బానెట్ ఎక్కి నిలబడ్డాడు. నేను బకెట్లు అందించాను, ఆయన టాపు మీద కుమ్మరించి పీచుతో రుద్దాడు. జోరువానలో ఒక మనిషి జీపు మీద నీళ్లు పోస్తుంటే బస్టాండు సగం చూడటానికి వచ్చింది. మామ సిగ్గుతో కాసేపు టీ తాగుతున్నట్టు నటించి, తర్వాత తానూ లుంగీ పైకి కట్టి పీచు అందుకున్నాడు. నలభై నిమిషాలు పట్టింది. జారే నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపలేదు. లోపలికి దూరి చూస్తే అప్పటిదాకా వదులుగా ఉన్న బట్ట డోలు చర్మంలా బిగుసుకుని ఉంది. చుక్కలు తగ్గాయి, తర్వాత ఆగాయి. నేను అయిదు నిమిషాలు ముఖం పైకెత్తి కూర్చున్నాను. ఒక్క చుక్క పడలేదు. సమ్మక్క టీ డబ్బులు తీసుకుంది కానీ బకెట్లకు తీసుకోలేదు. "పోయిరా తమ్మీ. మళ్ల గంజితోని రాకు, నా బర్రెలు అలవాటుపడ్తయి," అంది.

ఎనిమిదీ నలభై అయిదుకు మట్టిదారి పట్టాం. ఎనిమిది కిలోమీటర్లు నల్లరేగడి. ఇక్కడ జీపు అసలు పనితనం తెలుస్తుంది. గేరు పక్కన ఇంకా రెండు చిన్న కడ్డీలున్నాయి. ఒకటి వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. రెండోది వేస్తే వేగం పోయి బలం వస్తుంది. ఎడ్లబండ్ల గాడుల్లో, నడిచే మనిషి వేగంతో, జీపు మొరాయించకుండా పోయింది. ఆకేరు దగ్గర నీళ్లు మోకాలి లోతు పారుతున్నాయి, ఎర్రగా. మామ బండి ఆపి దిగి, ఫ్యాన్‌బెల్టు విప్పి పక్కన పెట్టాడు. ఫ్యాను తిరిగితే నీళ్లు ఇంజను మీదికి చిమ్మి కరెంటు తీగలు తడుస్తాయట, అప్పుడు వాగు మధ్యలో కూర్చోవాల్సిందేనట.

"నడిమిట్ల ఆగితే?" అని అడిగాను.

"ఆగితే నువ్వు ఇంకో ఉత్తరం రాయి," అన్నాడు మామ.

నీళ్లు కాళ్ల కిందికి వచ్చాయి. బాపు కింది కట్టను ఎత్తి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నడిమికి వచ్చేసరికి ఇంజను రెండుసార్లు దగ్గింది. మామ కాలు ఎత్తలేదు, గేరు మార్చలేదు. చక్రం కింద ఇసుక జారి మళ్లీ దొరికింది. అవతలి గట్టు ఎక్కాక ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం, మామ ఫ్యాన్‌బెల్టు మళ్లీ తగిలించాడు.

హాస్టల్ చేరేసరికి పదీ నలభై. వార్డెన్ సారు సంచీ భుజాన వేసుకుని, గొడుగు పట్టుకుని వరండాలో ఉన్నాడు. మామ కట్టలు దించుతుంటే బాపు తడిసిన రెండింటినీ తానే విడిగా తీసి పెట్టాడు. "ముప్పై ఎనిమిది ఇస్తాన సార్. ఈ రెండు ఇయ్యను, గంజి మరకలైనయి," అన్నాడు. చెప్పకపోతే సారుకు సాయంత్రం దాకా తెలిసేది కాదు. నేను తల వంచుకున్నాను. నలభై అడిగారు, మరక లేకుండా అన్నారు.

సారు ఒక జంపఖానా విప్పి, తిరగేసి, వెనకవైపు చూశాడు. అప్పుడే బాపు ముఖం కొంచెం తేరుకుంది. తర్వాత సారు మా బట్టల మీది తెల్లచారల్ని, బురదలో మునిగిన చక్రాల్ని చూశాడు.

"ఉత్తరం రాసింది నువ్వేనామ్మా?"

"అవును సార్."

"చదివి నవ్వుకున్న. ఇంత మాట ఎవరు నిలబెట్టుకుంటరు అనుకున్న." సంచీ తీసి గోడకున్న మేకుకు తగిలించాడు. "మిగిలిన రెండు వచ్చే నెల పట్టుకు రండి. ఇంకో ఇరవై కూడ కావాలె."

మర్నాడు పదో రోజు. మేం మడికొండకు జీపులోనే వెళ్లాం, అమ్మకం కాగితాల మీద బాపు సంతకం పెట్టాడు. పాత జీపు ఊరికే కూర్చోదు, ఊరికే కూర్చోనివ్వదు. పెట్రోలు తాగుతుంది, నెలకోసారి గ్రీజు అడుగుతుంది, సామాను కోసం పాత ఇనుము కొట్లన్నీ తిప్పుతుంది, బండి పేరు మార్పించుకోవడానికి ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు నడిపిస్తుంది. ఇవన్నీ ఓర్చుకుంటేనే కొనండి. నా మటుకు నాకు ఆ రోజు తెలిసింది ఇంకొకటి. కాగితం మీద నేను మూడుసార్లు దిద్దిన వాక్యాన్ని బాపు వానలో బానెట్ మీద నిలబడి నిజం చేశాడు. ఇప్పుడు ఏదైనా రాసేముందు, దీన్ని మోయాల్సింది ఎవరు అని ఒకసారి ఆలోచిస్తున్నాను. అయినా రాస్తున్నాను.

ఇక మీకు ఒక్క సలహా: జీపుకు కొత్త నూలు టాపు వేయిస్తే, సరుకు ఎక్కించకముందే రెండుమూడుసార్లు బాగా తడిపి ఆరనివ్వండి, దారం ఉబ్బి సందులు మూసుకుంటాయి. గంజి మాత్రం పెట్టకండి, ఇంట్లో మా నాయనమ్మలాంటి వాళ్లు ఎంత అలిగినా సరే.