ఇసుకలో నిమ్మకాయ

తొంభైల్లో ఖతార్‌లో ఉన్నప్పుడు ఒక శుక్రవారం మా కంపెనీ మేస్త్రీ గంగారాంతో కలిసి ఉమ్ సయీద్ సముద్రపు ఒడ్డుకు వెళ్ళాను. అక్కడ ఒక ఖతారీ పెద్దాయన ఇసుక దిబ్బల మీద తిరగడానికి బగ్గీలు అద్దెకిచ్చేవాడు. తలుపుల్లేని ఇనుప గొట్టాల బండి అది. దాన్ని నడపాలని నిజామాబాద్ గంగారాంకి ఎన్నాళ్ళ నుంచో ఉబలాటం.

బగ్గీ చూడగానే జేబులోంచి నిమ్మకాయ తీసి ముందు చక్రం కింద పెట్టాడు. నేను చర్చికి వెళ్ళేవాణ్ణే అయినా, కాకినాడలో ప్రతి కొత్త లారీకీ చూసిన పద్ధతే కదా అని బండి ముందుకు జరిపాను. కాయ పగల్లేదు, మెత్తటి ఇసుకలోకి దిగిపోయింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ దిగిపోయింది.

గంగారాం మొహం వాడిపోయింది. "కాయ పలగలే సారూ. నేనెక్క. మీరు వోయి రాండ్రి."

పెద్దాయన వచ్చి "క్యా ముష్కిల్?" అన్నాడు. ఏమనుకుంటాడోనని బెరుకుగానే, నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆయన నవ్వలేదు. ఇసుకలో కూరుకుపోయిన బండ్ల కింద వేసే చెక్క తెచ్చి చక్రం ముందు పరిచాడు. నిమ్మకాయ తనే దాని మీద పెట్టి, గంగారాంని సీట్లో కూర్చోబెట్టి "యల్లా" అంటూ ముందుకు పొమ్మని చెయ్యి ఊపాడు. ఈసారి కాయ టప్పున పగిలింది.

ఆ తర్వాత గంగారాం దిబ్బలెక్కించి దూకిస్తుంటే, నేను రాడ్డు పట్టుకుని అరుస్తూనే ఉన్నాను.

మరుసటి శుక్రవారం మేం వెళ్ళేసరికి బగ్గీ ముందు చెక్క పరిచి ఉంది. గంగారాం జేబులో చెయ్యి పెట్టబోతే పెద్దాయన ఆపి, తన తెల్లటి అంగీ జేబులోంచి నిమ్మకాయ తీశాడు.