పుల్లమ్మ అరుగు

పుల్లమ్మ మెడ వంగిపోయి చాలా ఏళ్ళయింది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే నడుము మొత్తం వెనక్కి వాల్చాలి. పడమటి కొండలు ఎట్లా ఉంటాయో ఆమె మరిచిపోయింది. ఆమెకు మిగిలిందల్లా నేల, అదీ ఇంటి ముందు బండల అరుగు మీద కూర్చుంటే కనబడేంత.

పొద్దున్నే కోడలు నాగవేణి రెక్క పట్టుకొని తెచ్చి కూర్చోబెడితే, ఎండ ముదిరేదాకా అక్కడే. మార్కాపురం గనుల్లో పనికిరాక పారేసిన పలకరాతి ముక్కలు ఆ వీధి నిండా పరిచి ఉన్నాయి. ఎవరైనా కల్లాపి చల్లితే అవి నల్లగా, కొన్ని ఆకుపచ్చగా, ఎక్కడో ఒకటి వంకాయ రంగులో తేలేవి. బిందెలు మోసుకుపోయే ఆడవాళ్ళు ఒలకబోసిన చుక్కలు దుమ్ములో గుండ్రంగా పడి, చూస్తుండగానే అంచుల నుంచి ఆరిపోయేవి. అన్నిటికంటే ఆమెకు ఇష్టం గొర్రెల మంద పోయే వేళ. పొద్దుటెండలో గొర్రెల కాళ్ళకంటే వాటి నీడల కాళ్ళు పొడుగు. ఆ సన్నటి నీడలు రాళ్ళ మీద విరుగుతూ, మళ్ళీ అతుక్కుంటూ కదిలిపోతుంటే ఆమె ఊపిరి బిగబట్టి చూసేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

మంద వెనక వచ్చే మరిది నాగులు మాత్రం ఊరుకునేవాడు కాదు.

“ఏంది వదినా, రోజూ నేలంతా ఎతుకుతన్నావు. ఏం పారేసుకున్నావు?”

“నీ బుద్ధి నాయనా. యాడన్నా పడిపోయిందేమోనని.”

“దొరికితే నా పెండ్లానికియ్యి. దానికే పనికొస్తది.”

మెడ అట్లా కావడానికి పెరట్లో బోరు నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఊళ్ళో బావులు ఎండిపోయిన ఏడు ఆమె భర్త పోలయ్య వేయించిన బోరు అది. నీళ్ళు పడ్డ రోజు టెంకాయ కొట్టి, ఇంటి ఇల్లాలే ముందు తాగాలన్నారు. పుల్లమ్మ దోసిలి పట్టి కడుపు నిండా తాగింది. తర్వాత ఆ నీళ్ళు మంచివి కావని తెలిసి ఊరంతా క్యాన్ల నీళ్ళకు మారినా మొగుడూ పెళ్ళాలు మారలేదు. ఒకప్పుడు ఊరంతా బిందెలు తెచ్చి పట్టుకుపోయిన నీళ్ళు, వీటికేం రోగమని పంతం. పోలయ్య ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి, మంచంలోనే పోయాడు.

ఈ ఎండాకాలం మంచినీళ్ళ కొళాయిల పని మొదలైంది. కాంట్రాక్టరు మనిషి బ్రహ్మం వచ్చి అరుగు మీదుగా సున్నంతో గీత గీశాడు.

“ఈ గీతకు అవతలున్నయన్నీ పోతాయి తమ్ముడూ. ఒక పక్క పైపు, ఒక పక్క కాలవ.”

“మాయమ్మ కూర్చునేదానికి ఇదొక్కటే అన్నా,” అన్నాడు కొడుకు ఆనంద్. “కొంచెం పక్కకు జరపరాదా?”

“ప్రతి ఇంటికాడ ఒక అమ్మ ఉంది. అందరికీ జరుపుకుంటా పోతే పైపు మళ్ళీ మా ఊరికే పోతది. వద్దంటే చెప్పండి, మీ ఇంటిని వదిలేస్తాం. కొళాయి కూడా ఉండదు.”

పుల్లమ్మకు బ్రహ్మం చెప్పులే కనబడుతున్నాయి. వాటి పక్కన కొడుకు కాళ్ళు. ఆ కాళ్ళు ఆమె వైపు తిరిగాయి.

“వదిలెయ్యమంటనా అమ్మా? నువ్వే చెప్పు.”

వదిలెయ్యమనాలని నోటిదాకా వచ్చింది. అప్పుడే మనవరాలు అంజలి వచ్చి, నాయనమ్మ మొహం కనబడేటట్టు కింద కూర్చొని తల ఎత్తి నవ్వింది. కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఆ ఇంట్లో వంటకు ఇప్పటికీ బోరు నీళ్ళే.

“పగలగొట్టుకోమను,” అంది పుల్లమ్మ.

“మళ్ళీ కట్టిద్దాంలే అత్తా,” అంది నాగవేణి.

“యాడ కడతావే, కాలవ మీదనా?”

మర్నాడు గునపాలతో బండలు లేపారు. గడప ముందు లోతైన కాలవ, దాని మీద ఒక చెక్క. ఆ చెక్క మీద నడవడం పుల్లమ్మ వల్ల కాదు. ఆమె మంచం మధ్య గదిలో వేశారు. అక్కడ నేల నున్నటి సిమెంటు. నాగవేణి రోజుకు రెండుసార్లు ఊడుస్తుంది. చీమ కూడా రాదు. ఇంటి ముందు కొళాయైతే బిగించారు గానీ, ట్యాంకు కట్టేదాకా నీళ్ళు రావన్నారు.

ఒక మధ్యాహ్నం గదిలో చీకటి కమ్మింది. బయట ఏదో చప్పుడు.

“ఏందే అది?”

“వాన అత్తా.”

“ఎట్ల పడతంది?”

నాగవేణి గడపలో నిలబడి వీధివైపు చూసింది.

“ఎట్ల పడతది అత్తా? పైనించి కిందికి.”

జల్లు లోపలికి కొడుతోందని తలుపు వేసేసింది.