నాయన తుపాకి కుడి గొట్టం

ఆ ఏడు వాన అదునుకు పడి వేరుశెనగ బాగా ఊడలు దిగింది. వెంటనే అడవిపందులూ దిగాయి. టీచరు పరీక్ష రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తూ నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, నాయన చేనిగట్టు మీద అలాగే తిరిగేవాడు.

తాత కాలం నుంచి లైసెన్సున్న జోడు గొట్టాల తుపాకి మాది. మందూ, సీసపు రవ్వలూ మూతిలోంచి కూరాలి. రెండు మూతులూ కాస్త సన్నం కాబట్టి రవ్వలు గుంపుగా పోయేవి. దూరానికి అది మేలే. పంది దగ్గర్లో అడ్డంగా పరుగెత్తితే మాత్రం గుంపంతా పక్కకు పోయేది. వారంలో మూడుసార్లు గురి తప్పింది.

మూతులు వెడల్పు చేయిస్తానని నాయన ధర్మవరం బయలుదేరాడు. ఇంట్లో కూర్చోలేక నేనూ వెళ్లాను. తుపాకులు బాగుచేసే ముసలి సాయిబు గొట్టంలో వేలు పెట్టి చూశాడు.

"రెండూ వెడల్పు చేయించొద్దప్పా. కుడిది చేయించి దగ్గరికి పెట్టుకో, ఎడమది దూరానికి ఉండనీ. గీకిన ఇనుము మల్లా అతకదు."

తిరిగి తెచ్చాక పాత పేపర్లు అతికించి కాల్చి చూశాం. ఎడమ గొట్టం రవ్వలు పళ్లెమంత మేర పడ్డాయి. కుడివి పేపరంతా పరుచుకున్నాయి.

"జల్లెడ మాదిరి ఉండాదే" అన్నాడు నాయన, నచ్చిందో లేదో తేలకుండా.

నాలుగో రోజు పొద్దుగూకే వేళ చేని అవతలి కొసన కంప కదిలింది. "పంది, నాయనా" అన్నాను. అంత దూరానికి ఎడమ గొట్టం కాల్చాలి. ఆదరాబాదరాగా నాయన కుడిది కాల్చాడు.

"యప్పా, సచ్చినా" అని మనిషి గొంతు వినిపించింది.

పక్క చేలో మంద నిలిపిన గొర్రెల కాపరి. కంపలో చిక్కిన గొర్రెపిల్లను విడిపిస్తున్నాడట. పిక్కలో రెండు రవ్వలు దిగాయి. ట్రాక్టరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. జరిగింది నాయనే పోలీసులకు చెప్పి, తుపాకి, లైసెన్సు స్టేషన్‌లో పెట్టేశాడు. కాపరి కేసు వద్దన్నాడు.

"సాయిబు పుణ్యమన్నా. గుంపుగా వచ్చింటే నా కాలు పోయుండేది" అన్నాడు, నాయన చెప్పిన గొట్టాల సంగతి విని, మంచం మీది నుంచి.

"ఏ గొట్టమైతే ఏమి? మనిషిని చూసుకోకుండా కాల్చినా గదా" అన్నాడు నాయన.

రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. మూడో రోజు ఉండబట్టలేక అడిగాను.

"పంది అనింది నేనే గదా, నాయనా?"

"కాల్చింది నేను" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కాపరికి కాలు నయమయ్యేదాకా అతని గొర్రెలను నాయనే మేపాడు. మా చేను పందుల పాలైంది. దినమంతా మంద వెనక నడిచి వచ్చి, పడుకోగానే నిద్రపోయేవాడు. నాకే ఎక్కడ కంప కదిలినా గుండె ఝల్లుమనేది.