మూడో వరస వెల్మినా

అంబోన్ దీవిలో రేవుకి పైనున్న కొండ ఊళ్ళో వెల్మినాని అందరూ మూడో వెల్మినా అంటారు. ఇంకో ఇద్దరు వెల్మినాలు ఉన్నారేమోనని కొత్తవాళ్ళు వెతుక్కునేవారు. చర్చిలో పాటలకు వెదురు వేణువులు ఊదే బృందంలో ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళుగా మూడో వరస వాయిస్తోంది. పేరు అందుకే.

పాట మొదటి వరసది. రెండో వరస దానికి తోడు నడుస్తుంది. మూడోది కింది స్వరాల్లో నిలబడి ఉంటుంది. వెల్మినా కాగితం మీద స్వరాల అంకెలు అయిదు, అయిదు, ఒకటి, సున్నా, సున్నా అని ఉండేవి. సున్నా దగ్గర ఊదకుండా ఆగాలి. ఆగడంలో ఆవిడ ఎన్నడూ తప్పు చేయలేదు.

మొదటి వరస వాయించేది ఆవిడ చనిపోయిన భర్తకు అన్న, జెత్. ఒకప్పుడు ఆ వరసలో అయిదుగురుండేవారు. ఒకాయన పోయాడు, ముగ్గురు సముద్రం అవతల మకస్సర్‌లో ఉద్యోగాలకు వెళ్ళారు. మిగిలిన జెత్ అయిదుగురి గర్వాన్నీ ఒక్కడే మోస్తూ వచ్చాడు.

"నువ్వు రాకపోయినా పాట ఆగదు, తెలుసా?" అనేవాడు.

"తెలుసు బావగారూ. ఇల్లు దగ్గరే కదా, వస్తున్నా" అనేది వెల్మినా.

ఒక ఆగస్టులో లవంగాలు కోస్తూ జెత్ చెట్టు మీంచి పడ్డాడు. ఎముకలేవీ విరగలేదు. దారిలో కొమ్మ తగిలి ముందుపళ్ళు నాలుగు పోయాయి. ఆ తర్వాత వేణువు ఊదితే గాలి వచ్చింది గానీ పాట రాలేదు.

ఎలక్ట్రిక్ కీబోర్డు తెప్పిద్దామన్నాడు పాస్టర్. దానికి జెత్ ఏదో జవాబిచ్చాడు. పళ్ళు లేకపోవడంతో ఎవరికీ అర్థం కాలేదు, అదీ మంచికే అయింది.

"ఈ ఆదివారానికి రెండు, మూడు వరసలు చాల్లెండి. పాట జనానికి వచ్చుగా, పాడుకుంటారు" అంది వెల్మినా.

జనానికి పాట రాదు. వేణువు వెంటబడి పాడటమే వచ్చు. రెండో వరసలో ఉన్న ఇద్దరూ భయపడి మెల్లగా ఊదారు. గట్టిగా వినబడింది వెల్మినా ఒక్కతే. రెండువందల మంది ఆవిడనే అందుకున్నారు. మొదటి చరణమంతా రెండే రెండు స్వరాల మీద పాడి, సున్నాలు వచ్చినచోటల్లా భక్తిగా ఆగారు.

రెండో చరణానికి జెత్ లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాట ఎత్తుకున్నాడు. సగం అక్షరాలు ఈలలయ్యాయి. అయినా జనం ఒడ్డున పడ్డారు.

మర్నాడు అతను వేణువు పట్టుకుని ఆవిడ ఇంటికి వచ్చాడు. వెల్మినా సాగో చెట్టు పిండితో రొట్టెలు కాలుస్తోంది.

"పాట నువ్వు నేర్చుకో."

"యాభై ఎనిమిదేళ్ళు నాకు."

"పళ్ళున్నాయి కదా."

మూడు నెలలు నేర్పాడు. "ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు వాయిస్తావేంటి?" అని రోజూ కసిరేవాడు. ఈ గొడవలో రొట్టెలు మాడిపోయేవి. మాడినవన్నీ ఆవిడ జెత్‌కే పెట్టింది. అతను కాఫీలో నానబెట్టుకుని తిన్నాడు.

మూడో వరస ఖాళీ అయింది. కింది స్వరాలకు మెత్తటి ఊపిరి చాలు కాబట్టి పళ్ళు లేకున్నా నెట్టుకు రావచ్చని జెత్ అందులో నిలబడ్డాడు. మొదటి రోజే నాలుగుసార్లు సున్నాల్లో ఊదేశాడు.

"ఇంతసేపు ఊరికే నిలబడి ఏం చేసేదానివి?"

"లెక్కపెట్టేదాన్ని. మీరు ముందుకు పరిగెత్తినప్పుడల్లా అయిదుని కాస్త సాగదీసేదాన్ని. అప్పుడు మీరు నెమ్మదించేవారు."

జెత్ వేణువుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ముప్పై ఏళ్ళూనా?"

"ముప్పై ఒకటి."

క్రిస్మస్ నాడు వెల్మినా పాట వాయించింది. మొదటి పంక్తిలో స్వరం వణికింది. అంతలో కింద జెత్ ఊదిన అయిదు వినబడింది, కాస్త ఆలస్యంగా, కాస్త మొద్దుగా. ఆవిడ దాని మీద కాలు మోపినట్టు నిలదొక్కుకుంది. చివరి చరణానికి జనం తన వెనక రావడం తెలిసి, తనకే సిగ్గేసేంత ఇష్టంగా వాయించింది. కీబోర్డు ఊసు పాస్టర్ మళ్ళీ ఎత్తలేదు.

జనవరిలో జెత్ పట్నం వెళ్ళి పళ్ళు కట్టించుకొచ్చాడు. ఇక మొదటి వరసకి వచ్చేస్తాడని అందరూ అనుకున్నారు. వెల్మినా వేణువు తుడిచి అతనికి ఇచ్చింది. అతను ఒక పాట మొత్తం వాయించి, దాన్ని తిరిగి ఆవిడ చేతికే ఇచ్చేశాడు.

"కట్టుడు పళ్ళు టకటకమంటున్నాయి" అని వెళ్ళి మూడో వరసలో నిలబడ్డాడు.

టకటక ఎవరికీ వినబడలేదు.